పెన్సిల్‌తో వేసే లెక్క

"నీ లెక్కలో ఒక మనిషి ఎక్కువున్నాడు, వెతుకు" అని మా న్యూస్ ఎడిటర్ గారు కాగితం తిరిగిచ్చేశారు.

1992 జూన్ చివరి వారం. హైదరాబాదులో ఓ తెలుగు దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేరి అప్పటికి ఎనిమిది నెలలు. రాష్ట్రపతి ఎన్నిక దగ్గరపడింది. ఒకవైపు శంకర్ దయాళ్ శర్మ, ఇంకోవైపు జి.జి. స్వెల్. ఎవరికి ఎన్ని ఓట్లు పడతాయో ముందే లెక్కగట్టి ఒక బాక్స్ ఐటమ్ రాయమన్నారు. డిగ్రీలో లెక్కలు చదువుకున్నానని ఆ పని నాకు అప్పగించారు.

చూడటానికి సులువైన లెక్కే. 1971 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభా 4,35,02,708. దాన్ని ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని వెయ్యితో భాగిస్తే ఒక ఎమ్మెల్యే ఓటు విలువ వస్తుంది. మిగిలింది సగమైనా, సగం దాటినా పై అంకె వేసుకోవాలి, లేకపోతే వదిలేయాలి. అసెంబ్లీలో సభ్యులు 295 మంది. నాకు 147.47 వచ్చింది. 147 అని వేసి, మొత్తం కట్టి, కింద రెండు గీతలు గీసి ఇచ్చాను.

ఆ ఎక్కువున్న మనిషి గంటసేపు వెతికినా దొరకలేదు. చివరికి ఆయనే నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డారు. "ఓటు ఎన్నికైనవాళ్లకే నాయనా. మన అసెంబ్లీలో ఆంగ్లో ఇండియన్ సభ్యుణ్ని గవర్నరు నామినేట్ చేస్తారు. ఆయనకు ఓటు లేదు. 294తో భాగించు" అన్నారు. భాగిస్తే 147.97. అంటే 148. ఒక్క మనిషి తేడాతో రాష్ట్రంలో ప్రతి ఎమ్మెల్యే ఓటు విలువా మారిపోయింది. నేను రాసిన 43,365 కాస్తా 43,512 అయింది. ఆ రాత్రి ఆ బాక్స్ ఐటమ్ సరైన అంకెతోనే అచ్చయింది. కానీ నా తప్పు లెక్క కాగితాన్ని పారేయలేదు. ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది.

అప్పటినుంచి ఏడు రాష్ట్రపతి ఎన్నికలకు ఈ పట్టిక వేశాను. ఎనిమిదోది 2027లో. ద్రౌపది ముర్ము గారి పదవీకాలం ఆ ఏడాది జూలై 24తో ముగుస్తుంది, ఆలోగా ఎన్నిక పూర్తికావాలి. ఇప్పటినుంచే ఫోన్లు మొదలయ్యాయి. బంధువులు, మిత్రులు, టీవీ చర్చలకు పిలిచేవాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. ఎవరొస్తారండీ ఈసారి?

అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఇదే ప్రశ్న అడిగితే నేను నోరు విప్పను. కోట్లమంది ఓటర్ల మనసులో ఏముందో చెప్పే విద్య నాకు రాదు. రాష్ట్రపతి ఎన్నిక అలా కాదు. ఓటర్లు ఐదువేల లోపే. ప్రతి ఒక్కరి పేరూ, ఊరూ, పార్టీ తెలుసు. ఎవరి ఓటుకు ఎంత విలువో తెలుసు. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 208, సిక్కిం ఎమ్మెల్యేది 7. లక్నోలో ఒకరు చేజారితే గ్యాంగ్‌టక్‌లో ముప్ఫైమందిని కూడగట్టాలి. సిక్కిం అసెంబ్లీలో ఉన్నదే 32 మంది. ఇన్ని తెలిసి కూడా తప్పు చెబితే ఆ తప్పు పట్టిక వేసినవాడిదే. అందుకే ఈ పని మీద నాకంత పట్టుదల.

పట్టికలో రాష్ట్రానికో వరుస. సీట్లు, ఓటు విలువ, ఖాళీలు, అటు, ఇటు, దూరం. ఈ చివరి గడిని కొత్తవాళ్లు మర్చిపోతారు. 2012లో తెలుగుదేశం, తెలంగాణ రాష్ట్ర సమితి రెండూ ఓటింగుకు దూరంగా ఉన్నాయి. వాళ్లను ప్రణబ్ ముఖర్జీ గడిలో వేసినా తప్పే, సంగ్మా గడిలో వేసినా తప్పే. ఖాళీలూ అంతే. చనిపోయినవాళ్లు, రాజీనామా చేసినవాళ్లు, అనర్హత వేటు పడినవాళ్లు, కోర్టు తీర్పుతో సీటు పోయినవాళ్లు. పోలింగుకు ముందురోజు రాత్రిదాకా ఈ గడి మారుతూనే ఉంటుంది. అందుకే అంకెలన్నీ పెన్సిల్‌తో వేస్తాను. మా న్యూస్ ఎడిటర్ గారు నేర్పిన అలవాటే ఇది. కంప్యూటర్లు వచ్చాక కూడా మొదటి ప్రతి లెడ్జరు కాగితం మీదే.

రాష్ట్రం విడిపోయాక ఈ పట్టికలో ఒక చిన్న విచిత్రం కనిపించింది. 1971 జనాభానే రెండుగా పంచి, ఆంధ్రప్రదేశ్‌కు 175 మందితో, తెలంగాణకు 119 మందితో భాగించారు. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. రెండు మొత్తాలూ కూడితే 43,533. ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నదానికంటే 21 ఎక్కువ. పై అంకెకు సరిచేయడంలో వచ్చిన తేడా అది. ఎవరి గెలుపునూ మార్చేంతది కాదు. కానీ 2017లో ఆ 21 ఎక్కడినుంచి వచ్చిందో తేలేదాకా నాకు కునుకు పట్టలేదు. చిన్న తేడాను పోనీలే అని వదిలేసిన రోజే పెద్ద తేడాకు దారి ఇచ్చినట్టు.

ఎంపీ ఓటు విలువ కూడా ఈ కాగితంలోంచే పుడుతుంది. ఎమ్మెల్యేలందరి ఓట్ల విలువ కూడి, ఎన్నికైన ఎంపీల సంఖ్య 776తో భాగించాలి. 2017లో అది 708. 2022 నాటికి జమ్మూ కశ్మీర్‌లో అసెంబ్లీ లేదు, ఆ మేరకు పైమొత్తం తగ్గి 700కు దిగింది. శ్రీనగర్‌లో సభ లేకపోతే అనంతపురం ఎంపీ ఓటు విలువ ఎనిమిది తగ్గింది. ఈ ఎన్నికలో దేశమంతా ఒకే తక్కెడలో ఉంటుందని నాకు అప్పుడే బాగా అర్థమైంది.

ఇంతవరకూ లెక్క తెలిస్తే చాలు. లెక్కకు లొంగనిది ఇక్కడినుంచి మొదలవుతుంది. ఈ ఎన్నికలో పార్టీలు విప్ జారీ చేయడానికి లేదు. ఓటు రహస్యం. తెర వెనక్కు వెళ్లిన ఎమ్మెల్యే ఏం రాశాడో పార్టీ అధ్యక్షుడికి కూడా తెలియదు.

మా న్యూస్ ఎడిటర్ గారు 1969లో విజయవాడలో కుర్ర సబ్ ఎడిటర్. ఆ ఎన్నిక గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాలేదు. ముతక అట్ట నోటుపుస్తకం ఒకటి ఉండేది ఆయన దగ్గర. నీలం సిరాతో వేసిన వరుసలు, వాటి మీద పెన్సిల్ కొట్టివేతలు. మే 3న జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. కాంగ్రెస్ పార్టీ అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డిని నిలబెట్టింది. ఆయన నామినేషన్ మీద ఇందిరా గాంధీ సంతకం ఉంది. జూలై 20న ఉపరాష్ట్రపతి వి.వి. గిరి పదవికి రాజీనామా చేసి స్వతంత్రుడిగా బరిలోకి దిగారు. ఒకరిది అనంతపురం జిల్లా, ఒకరిది బరంపురం. ఇద్దరూ తెలుగువాళ్లే. స్వతంత్ర, జనసంఘ్ పార్టీల తరఫున సి.డి. దేశ్‌ముఖ్ ఉన్నారు.

"పార్టీల బలం వేసుకుంటే సంజీవరెడ్డి గారు సునాయాసంగా గెలవాలి. అలాగే వేశాను" అనేవారు న్యూస్ ఎడిటర్ గారు. తర్వాత ఆ మాట వచ్చింది, అంతరాత్మ ప్రబోధం. మనస్సాక్షి ప్రకారం ఓటు వేయండని ప్రధానమంత్రే చెప్పడంతో కాంగ్రెస్ గడి నిలువునా చీలింది. ఎవరు ఎటు చీలారో ఎవరికీ తెలియదు. విజయవాడ ఆఫీసులో ఇద్దరి పేర్లతోనూ హెడ్డింగులు కంపోజ్ చేయించి పెట్టుకున్నారట.

ఆగస్టు 20న లెక్కింపు. చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలవాలంటే 4,18,169 రావాలి. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. ఒక్కొక్కరినే కింది నుంచి తొలగిస్తూ వాళ్ల రెండో ప్రాధాన్య ఓట్లు పంచుకుంటూ వచ్చారు. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427.

ఈ అంకెలు చూపించి ఆయన నన్నొక ప్రశ్న అడిగారు. "రెండో ప్రాధాన్య ఓట్లతో గిరి గారు గెలిచారని అందరూ రాస్తారు. నిజమేనా?" తీసివేతలు చేసి చూశాను. పంపకంలో గిరికి కలిసింది 18,562. సంజీవరెడ్డికి కలిసింది 91,879. రెండో ప్రాధాన్యంలో సంజీవరెడ్డిదే పైచేయి, అదీ దాదాపు అయిదు రెట్లు. గిరిని గెలిపించింది మొదటి ప్రాధాన్య ఓట్లే, అందులోనూ ముఖ్యంగా సొంత పార్టీ అభ్యర్థిని కాదని కాంగ్రెస్‌వాళ్లు తెర వెనక వేసిన ఓట్లు. ఆ రోజు నుంచి నేను ఏ ఫలితాన్నయినా వాక్యంగా నమ్మను. పక్కన కాగితం పెట్టుకుని తీసివేసి చూస్తాను.

పార్టీ నిలబెట్టినా సొంతవాళ్ల ఓట్లు అందక ఓడిన సంజీవరెడ్డి గారు 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కు పోతే, జనతా పార్టీకి దక్కిన ఒక్క నంద్యాల నుంచి గెలిచింది ఆయనే. ఎనిమిదేళ్ల ముందు ఈ మాట ఎవరైనా అంచనాగా రాసి ఉంటే ఏ డెస్కూ అచ్చు వేసేది కాదు.

కేంద్రంలో పాలిస్తున్న పార్టీ నిలబెట్టిన అభ్యర్థి ఓడిపోవడం, లెక్కింపు రెండో ప్రాధాన్యందాకా వెళ్లడం ఆ ఒక్కసారే జరిగింది. కానీ ఆ ఒక్కసారి మా వృత్తిలో ఉన్నవాళ్ల మనసులోంచి పోదు. ప్రతి ఎన్నికకూ ఎవరో ఒకరు 1969 పునరావృతం అని రాస్తారు. 2012లో నేనే రాశాను.

జూన్ 13 సాయంత్రం. మమతా బెనర్జీ, ములాయం సింగ్ యాదవ్ ఢిల్లీలో పక్కపక్కన కూర్చుని మూడు పేర్లు చెప్పారు. అబ్దుల్ కలాం, మన్మోహన్ సింగ్, సోమ్‌నాథ్ ఛటర్జీ. ప్రణబ్ ముఖర్జీ పేరు లేదు. అప్పటికి ఇరవయ్యేళ్ల అనుభవం నాది. పట్టిక తీసి ములాయం ఎంపీలను, ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేలను అటునుంచి ఇటు మార్చాను. ఒక్కొక్కరిది 208 కదా, అంకెలు గిర్రున తిరిగిపోయాయి. గంటలో విశ్లేషణ రాసిచ్చాను. మొదటి పేజీలో వచ్చింది. జూన్ 15న ప్రణబ్‌ను యూపీఏ అభ్యర్థిగా ప్రకటించారు, ములాయం ఆయనకే మద్దతు పలికారు. నా విశ్లేషణ వయసు రెండు రోజులు. జూలైలో ప్రణబ్‌కు 7,13,763, సంగ్మాకు 3,15,987.

నా కూడికల్లో తప్పులేదు. తప్పు వేరేచోట ఉంది. ఆ సాయంత్రం నాకు కథ కావాలనిపించింది. ఎప్పుడోగానీ రాని ఉత్కంఠ మన చేతిమీదుగా పోతే బాగుండుననిపించింది. ఆ కోరికే పెన్సిల్ పట్టుకుని అంకెలు మార్చింది. చదివే మనిషి మా మీద నమ్మకంతో పొద్దున్నే రూపాయలు పెట్టి పేపరు కొంటాడు. అతనికి నా కోరికను లెక్కగా అమ్మాను. అప్పటినుంచి నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే. పార్టీ కార్యవర్గం తీర్మానం చేసేదాకా ఏ ఓటునూ గడి మార్చను. నాయకుడు చిరునవ్వు నవ్వినా, ఇంకో నాయకుడి ఇంటికి భోజనానికి వెళ్లినా, పెన్సిల్ కదలదు.

2017లో రాంనాథ్ కోవింద్, మీరా కుమార్. ఈసారి మా రెండు రాష్ట్రాల వరుసల్లో పెద్ద పనిలేదు, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, టీఆర్ఎస్ మూడూ కోవింద్ వైపే. ఆంధ్రప్రదేశ్‌లో మీరా కుమార్‌కు ఒక్క ఓటూ రాలేదు. నా శ్రద్ధంతా ఇంకో చిన్న విషయం మీదికి పోయింది. ఆ మార్చిలో యోగి ఆదిత్యనాథ్ ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి, కేశవ్ ప్రసాద్ మౌర్య ఉపముఖ్యమంత్రి అయ్యారు. ఇద్దరూ లోక్‌సభ సభ్యులు. రాష్ట్రపతి ఎన్నిక అయ్యేదాకా ఆ సభ్యత్వం వదులుకోలేదు. సెప్టెంబరులో శాసనమండలికి వెళ్లారు. మండలి సభ్యుడికి ఈ ఎన్నికలో ఓటు లేదు. ముందే మండలికి వెళ్లి ఉంటే ఇద్దరి ఓట్లూ, 1,416 విలువ, పోయేవి. భారీ మెజారిటీ ఖాయమని తెలిసినా ఆ రెండు ఓట్లు జాగ్రత్త పెట్టుకున్నవాళ్లను చూస్తే, లెక్క అంటే ఏమిటో తెలిసినవాళ్లు పార్టీ ఆఫీసుల్లోనే ఉన్నారనిపించింది.

ఇక చెల్లని ఓట్లు. నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఇవే. బ్యాలెట్ పత్రం ఎంపీలకు ఆకుపచ్చ, ఎమ్మెల్యేలకు గులాబీ రంగు. నచ్చిన అభ్యర్థి పేరుకు ఎదురుగా 1 అని అంకె వేయాలి. అదొక్కటే తప్పనిసరి. అంకెను మన భాషలోనూ వేయవచ్చు, తెలుగు అంకె ౧ వేసినా ఓటు చెల్లుతుంది. 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే మాత్రం చెల్లదు. 2016లో హరియాణా రాజ్యసభ ఎన్నికలో వేరే పెన్ను వాడారని ఓట్లు చెల్లకుండా పోయాక, మరుసటి ఏడాది నుంచి ఎన్నికల సంఘమే ఊదారంగు సిరా పెన్ను చేతికిస్తోంది. సొంత పెన్ను లోపలికి తీసుకెళ్లనివ్వరు. అంటే చేయాల్సింది ఇంతే, ఇచ్చిన పెన్నుతో ఒక్క అంకె.

అయినా 2017లో 77 ఓట్లు చెల్లలేదు. అందులో 21 ఎంపీలవి. 2022లో 53, అందులో 15 ఎంపీలవి. చట్టాలు చేసేవాళ్లకు ఒక్క అంకె వేయడం రాలేదా అని జనం నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. వాటిలో కొన్ని నిజంగా పొరపాట్లే అయి ఉంటాయి. కానీ అన్నీ కావని నా నమ్మకం. పార్టీ చెప్పినవారికి వేయలేక, అవతలివారికి వేసే ధైర్యం చాలక, కాగితం పాడుచేసి పెట్టెలో వేసి వచ్చిన మనిషిని నేను ఊహించుకోగలను. అతను బయట కెమెరాల ముందు నవ్వి ఉంటాడు. అతని మాట వినిపించే చోటు ఆ చెల్లని ఓట్ల గడి ఒక్కటే. అందుకే నా పట్టిక అడుగున ఆ గడికి విడిగా చోటు ఉంటుంది. ఎప్పుడూ సున్నా వేయను.

2022 జూలై 18న పోలింగు. రాష్ట్రాల పెట్టెలు చాలావరకు విమానంలో ఢిల్లీ చేరాయి, అధికారి పక్కసీటులో, 'మిస్టర్ బ్యాలెట్ బాక్స్' పేరున కొన్న టికెట్టు మీద. 21న లెక్కింపు. మొదట ఎంపీల ఓట్లు, తర్వాత రాష్ట్రాలు ఇంగ్లీషు అక్షరక్రమంలో. ఆ క్రమంలో ఆంధ్రప్రదేశ్ ఎప్పుడూ ముందే. ముర్ము మీద పోటీచేసిన యశ్వంత్ సిన్హాకు ఆంధ్రప్రదేశ్‌లో సున్నా. అది వేసుకున్నదే, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ ముర్ముకే మద్దతిచ్చాయి. తెలంగాణలో టీఆర్ఎస్ సిన్హా వైపు. జూలై 2న ఆయనకు బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా స్వాగతం పలికారు. అదీ వేసుకున్నదే.

కేరళ దగ్గర ఆగిపోయాను. 140 మంది ఎమ్మెల్యేలు. లెఫ్ట్ ఫ్రంటూ సిన్హాకే, కాంగ్రెస్ ఫ్రంటూ సిన్హాకే. ఎన్డీయేకు అప్పుడు అక్కడ ఒక్క సభ్యుడూ లేడు. నా పట్టికలో 140, 0 అని ఉంది. పెన్సిల్ కూడా అక్కర్లేదని సిరాతోనే వేసిన ఒకే ఒక్క వరుస అది. వచ్చింది 139, 1.

డెస్కులో అందరూ పెద్ద అంకె వెనక పరుగెడుతున్నారు. ముర్ముకు 6,76,803, సిన్హాకు 3,80,177. నేను వేసినదానికంటే ముర్ముకు పదిహేను వేలకు పైగా ఎక్కువొచ్చింది. అంటే ప్రతిపక్షాల నుంచి చాలామంది ఇటు వేశారు. సంతాల్ గిరిజన మహిళ రాష్ట్రపతి కాబోతుంటే పార్టీ మాటను పక్కన పెట్టినవాళ్లు ఉంటారని నేను అనుకున్నాను, కానీ ఇంతమంది అనుకోలేదు. ఆ రాత్రి మాత్రం నా కళ్లు ఆ కేరళ ఒక్కటి మీదే ఉన్నాయి. ఆ ఓటు విలువ 152. అది ఎవరిదో తెలుసుకోవాలని తిరువనంతపురంలో తెలిసిన విలేకరికి ఫోన్ తీశాను. నంబరు నొక్కేలోపే పెట్టేశాను. ఓటు రహస్యంగా ఉంచింది అందుకే కదా. నా పట్టిక తప్పయినందుకు అతన్ని పట్టుకోవడం నా పని కాదు. సిరాతో వేసిన 140ని కొట్టేసి పక్కన 139 రాసుకున్నాను.

ఇప్పుడు 2027 పట్టిక నాతోపాటు మా డెస్కులో కొత్తగా చేరిన అమ్మాయి వేస్తోంది. నేను చేసిన 295 తప్పు ఆమె చేయదు, ఆంగ్లో ఇండియన్ నామినేషన్లు 2020 జనవరి నుంచి లేవు. ఆంధ్రప్రదేశ్ వరుస చకచకా నింపింది. 2024 ఫలితాల ప్రకారం తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8, మూడూ కలిపి 164. ఒక్కొక్కరిది 159 చొప్పున 26,076. వైఎస్సార్ కాంగ్రెస్ 11 మందికి 1,749. "రెండువైపులా ఒకరికే మద్దతిస్తే మళ్లీ సున్నానే కదా సార్?" అంది. మద్దతు తీర్మానం వచ్చేదాకా ఆ ప్రశ్న అలాగే ఉంచమన్నాను.

తెలంగాణ దగ్గర తడబడింది. 2023లో కాంగ్రెస్ 64, బీఆర్ఎస్‌గా పేరు మారిన టీఆర్ఎస్ 39, బీజేపీ 8, మజ్లిస్ 7, సీపీఐ 1. ఆ తర్వాత బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచినవాళ్లలో కొందరు కాంగ్రెస్ వైపు వెళ్లారు. "వీళ్లను ఏ గడిలో వేయను సార్? రికార్డులో ఒకచోట, మనుషులు ఇంకోచోట." రికార్డులో ఉన్నచోటే వేసి పక్కన చుక్క పెట్టమన్నాను. ఎన్ని చుక్కలు ఉన్నాయో లెక్కపెట్టి, వాటిని 132తో గుణించి, అడుగున విడిగా రాయమన్నాను. చదివేవాళ్లకు ఆ అంకెను విడిగానే చూపిద్దాం.

ఉత్తరప్రదేశ్ వరుసకు వచ్చేసరికి ఎక్సెల్ తెరచి పాత బలాబలాలు ఎక్కించబోయింది. రాష్ట్రపతి ఎన్నికకు ముందే ఆ అసెంబ్లీ గడువు తీరుతుంది. ఓటు వేసేది కొత్త సభ. 403 మంది, 208 చొప్పున 83,824. దేశంలో మరే రాష్ట్రానికీ ఇంత విలువ లేదు. నేనేమీ అనకముందే ఆమెకే తట్టి చెయ్యి వెనక్కు తీసుకుంది. సీట్లు 403, విలువ 208 అని రెండు గడులు పెన్సిల్‌తో నింపి, మిగతా నాలుగూ ఖాళీగా ఉంచి, కింది వరుసకు వెళ్లింది.